ఎలుకల పేరు చెప్పి

మొన్న మా ఇంటికి పురుగుల మందు కొట్టే అతను వచ్చాడు. కడపలో మేముండేది మూడో అంతస్తు. క్రిస్మస్‌కు చుట్టాలు వస్తున్నారని, వంటింట్లో బొద్దింక కనపడితే తలెత్తుకోలేమని మా కోడలు పిలిపించింది. అతను ముక్కుకు గుడ్డ కట్టుకుని సింకు కిందా, అలమరల మూలల్లోనూ మందు కొట్టాడు. పోతూ పోతూ గులాబీ రంగు బిళ్ళలు నాలుగు కాగితంలో చుట్టి నా చేతికివ్వబోయాడు.

"ఇవి ఎలకలకమ్మా. బాల్కనీలో మూలకు పెట్టండి. పిల్లోళ్ళకు మాత్రం చెప్పండి, ముట్టుకోవద్దని."

నా చేయి వెనక్కి పోయింది. కోడలే అందుకుంది. "ఏమైంది అత్తమ్మా, అట్ల చెమటలు పట్టినాయి?" అని అడిగింది. మందు వాసన పడలేదన్నాను. అది అబద్ధం. నిజం ఏమిటో ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. మా ఆయనకు కూడా చెప్పకుండానే ఆయన్ను సాగనంపాను.

మా ఊరు కోయిలకుంట్లకు దగ్గర. నల్లరేగడి నేల, వాన పడితే చెప్పు ఊడిరాదు, ఎండితే కాలు పట్టేంత బీటలు. మా వీధి అంతా క్రైస్తవులమే. మా ముత్తాతల కాలంలో కట్టిన రాతి చర్చి ఆ వీధి చివర ఉండేది. నాయన కౌలుకు రెండెకరాలు చేసేవాడు, చిన్నాయన నాపరాళ్ళ గనిలో పనికి పోయేవాడు. అమ్మ పత్తి తీతకు పోయేది. ఇంటి పెత్తనమంతా మా అవ్వది, అంటే నాయన తల్లిది.

ఇల్లు మట్టి మిద్దె. పైకప్పులో దూలాల మీద దంతె కర్రలు, వాటి మీద కంప, దాని మీద మన్ను. మనుషులం ఆరుగురం ఉంటే ఎలుకలు ఎన్ని ఉండేవో దేవుడికే తెలియాలి. అవి దంతెల సందుల్లో కాపురాలు పెట్టేవి. అన్నం తింటుంటే కంచంలో మన్ను రాలేది. మంచాల్లో నల్లులు, వాసాల్లో చెదలు, జొన్నల గాదెలో పెంకుపురుగు. ఏడాదంతా అవ్వ వాటితో సర్దుకుపోయేది. క్రిస్మస్ నెల వచ్చేసరికి మాత్రం ఆమెకు పూనకం వచ్చినట్టుండేది.

"ఏసయ్య పుట్టే దినానికి ఈ ఇంట్లో పురుగూ పుట్రా ఉండగూడదు" అనేది.

మొదట మంచాలు. నులకమంచాలన్నీ ఎండలోకి లాగి, పెద్ద సట్టిలో నీళ్ళు మరగకాచి, మంచం కోళ్ళ సందుల్లో పోసేది. నల్లులు తేలుతుంటే లెక్కపెట్టడం నా పని. తర్వాత వేపాకు పొగ. తలుపులు మూసి, నిప్పుల మీద పచ్చి వేపాకు వేసి, మమ్మల్నందరినీ బయట నిలబెట్టేది. ఆ పొగ వాసన చేదుగా, చల్లగా, బట్టల్లో పండుగ దాకా ఉండేది. ఆ పైన చెదల పుట్టలు గీకి కిరసనాయిలు పూయడం, గోడలకు సున్నం, కింద ఎర్రమన్ను. చీమలకు భయపడి, తీపి పెట్టిన ఏ గిన్నె అయినా నీళ్ళు పోసిన పళ్ళెంలో నిలబెట్టేది.

ఒకసారి నేను అడిగాను. "అవ్వా, ఏసయ్య పుట్టింది పసువుల పాకలో గదా. ఆడ ఎలకలు ల్యాకుండెనా?"

అవ్వ సున్నపు చేత్తోనే నా నెత్తిన మొట్టింది. "ఉండింటాయి. మరియమ్మకు అత్త ల్యాకుండె, అందుకే ఉండినాయి" అంది. వీధంతా ఆ మాట పండుగ దాకా చెప్పుకుని నవ్వారు.

ఇదంతా నవ్వుకుంటూ రాయగలుగుతున్నాను. ఎందుకంటే ఇది చిన్నమ్మ రాకముందు సంగతి.

చిన్నమ్మ మా చిన్నాయన భార్య. బనగానపల్లె దిక్కు పిల్ల. వాళ్ళ నాయన మామిడి తోటలకు కావలి ఉండేవాడు. ఎండాకాలంలో పెళ్ళయితే, పెళ్ళికూతురితో పాటు రెండు గంపల మామిడికాయలు వచ్చాయి. అవి పండేదాకా చిన్నమ్మా నేనూ రోజూ గడ్డిలో చేయి పెట్టి ఒత్తి చూసేవాళ్ళం. పొడగరి. నవ్వితే చిగుళ్ళు కనపడేవి, అందుకని నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆమెకు పద్దెనిమిది ఉంటాయేమో. ఆ ఇంట్లో నాకు మొట్టమొదటి స్నేహితురాలు ఆమే.

వానలు మొదలయ్యేసరికి చిన్నమ్మకు నెల తప్పింది. అప్పట్నుంచి అవ్వ ఆమె అన్నం తగ్గించింది.

దీన్ని జాగ్రత్తగా చెప్పాలి. అవ్వ చెడ్డది కాదు. ఆమెకు నాయన, చిన్నాయన కాక ఒక కూతురు ఉండేదట. ఆ కూతురు తొలి కాన్పులో రెండు రోజులు నొప్పులు పడి, బిడ్డ అడ్డం తిరిగి చచ్చిపోయింది. బిడ్డ బరువు ఎక్కువైనందుకే అట్లా అయిందని మంత్రసాని చెప్పిందట. అవ్వ ఆ మాట పట్టుకుంది.

"కడుపుతో ఉండేది నోరు కట్టుకోవాల మే. ఇప్పుడు నాలికకు పెడితే రేపు పానం మింద కొస్తాది" అని చిన్నమ్మతో అనేది. పొద్దున అర రొట్టె, మధ్యాహ్నం పిడికెడు సంగటి, రాత్రికి చారు నీళ్ళు. పంక్తి వరస కూడా అట్లాగే ఉండేది. ముందు మగవాళ్ళు, తర్వాత నేనూ తమ్ముడూ, తర్వాత అవ్వ, అమ్మ, అందరి తర్వాత చిన్నమ్మ. చిన్నాయనకు ఇవేవీ తెలియవు. ఆయన తెల్లారకముందే గనికి పోయి దీపాలు పెట్టేటప్పుడు వచ్చేవాడు. అమ్మకు తెలుసు. ఒకటి రెండు సార్లు తన రొట్టెలో ముక్క తుంచి కొంగు కింద ఇవ్వడం చూశాను. అంతకుమించి అవ్వకు ఎదురు చెప్పే ధైర్యం ఆమెకూ లేదు.

పండుగ పది రోజులుందనగా పిండివంటలు మొదలయ్యాయి. ముందు నిప్పట్లు, తర్వాత కజ్జికాయలు. అవ్వ చేసే కజ్జికాయలకు మా ఊళ్ళో పేరుంది. వేయించిన నువ్వులు, ఎండుకొబ్బెర, బెల్లం, ఏలక్కాయలు రోట్లో దంచి పూర్ణం చేసేది. ఆ రోటి దగ్గర కూర్చుంటే చాలు, కడుపు నిండినట్టుండేది. క్రిస్మస్ పొద్దున తెల్ల గుడ్డ కప్పిన పళ్ళేలు పెద్ద రెడ్ల ఇళ్ళకు, మసీదు పక్కన సాయిబుల ఇళ్ళకు, చర్చి అయ్యగారింటికి పోవాలి. ఏ పళ్ళెంలోనూ ఒకటి కూడా తగ్గకూడదు. అది అవ్వ పరువు. అందుకని చేసినవన్నీ సట్టిలో పెట్టి, మూతికి గుడ్డ కట్టి, వెనక గదిలో ఉట్టి మీద పెట్టింది.

మర్నాడు అవ్వ చర్చి కడగడానికి పోయింది. నేను దాహమేసి ఇంట్లోకి వస్తే వెనక గదిలో చప్పుడైంది. ఎలుకేమో అని చీపురు పట్టుకుని పోయాను. చిన్నమ్మ ఉట్టి కింద నిలబడి ఉంది. నోటి నిండా ఉంది, మింగలేక ఆగిపోయింది. పెదాల మీద నువ్వుల పొడి. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నన్ను చూసి గోడకు ఆనుకుంది. చేతిలో మిగిలిన సగం నాకు చాచింది.

"ఎవురికీ చెప్పొద్దు పాపా. శానా ఆకలైతాంది. లోపల వీడు తంతాండాడు."

నేను ఆ సగం తిన్నాను. "ఎలకలు తిన్యాయని చెప్దాంలే చిన్నమ్మా" అన్నది నేనే.

ఆ మాటకు చిన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం మర్చిపోయి నవ్వింది.

ఆ తర్వాత నాలుగు రోజులు, అవ్వ చర్చికో ఏటికో పోయినప్పుడల్లా, మాకు అదొక పండుగ. ఆమె ఉట్టిలోంచి ఒకటి తీసేది, సగం నాకు, సగం ఆమెకు. నేను అక్కడితో ఆగలేదు. ఎలుకలన్నామంటే ఎలుకల గుర్తు ఉండాలి కదా! సట్టికి కట్టిన గుడ్డ అంచును పళ్ళతో కొరికి పీలికలు చేశాను. రెండు కజ్జికాయల కొసలు గోరుతో గీరి పైన పెట్టాను. దంతెల కింద పడి ఉన్న ఎలుక పెంట్లు నాలుగు ఏరి సట్టి పక్కన చల్లాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఐదో రోజు అవ్వ సట్టి దించి చూసింది. ఆ గుడ్డ, ఆ గీట్లు చూసి నేల మీద కూలబడిపోయింది.

"ఉట్టి మింద గూడా ఎక్కినాయి గదరా నాయనా! యాడ పెట్టాల ఇంక? నెత్తిన పెట్టుకోవాల్నా?"

నాయన చూసి, "ఇట్ల వేపాకుకు చావవు మా. మందు తెస్తా" అన్నాడు. మర్నాడు కోయిలకుంట్లలో కొని, కాగితం పొట్లం తెచ్చాడు. నల్లటి పొడి. పొట్లం విప్పకుండానే కుళ్ళిన వెల్లుల్లి వాసన వచ్చింది. ఆ రోజే అవ్వ మంచి కజ్జికాయలన్నీ తన రేకుపెట్టెలోకి మార్చి తాళం వేసింది.

ఆ పొద్దు నేను చిన్నమ్మ దగ్గరికి పోయి కొంగు లాగాను. "ఇంగ ల్యావు పాపా. అవ్వ పెట్టెలో పెట్టుకునింది" అంది. నేను నమ్మలేదు. ఎందుకంటే ఆమె దవడ ఆడుతోంది. తర్వాత తెలిసింది, అది చింతగింజ. ఆకలికి చింతగింజ వేయించుకుని బుగ్గన పెట్టుకునేది. నేను మాత్రం తనొక్కతే తింటోందనుకున్నాను. "నువ్వు దొంగ" అని చెప్పి వచ్చేశాను. ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు. ఆమె రెండుసార్లు పిలిచింది. జడ వేస్తాను రమ్మంది. పోలేదు.

మరుసటి రోజు పొద్దున చిన్నమ్మ బట్టల మూట ఎత్తుకుని కుందూ ఏటికి పోయింది. అమ్మానాయనా చేనికి పోయారు. అవ్వ పెట్టెలోంచి నాలుగు కజ్జికాయలు తీసి, అంచు పెచ్చు తీసి, పూర్ణంలో ఆ నల్లపొడి కలిపి, తడిపిండి అద్ది మూసింది. మూకుట్లో పెట్టి అటక మీద వెనకకు నెట్టింది. చేతులు మూడుసార్లు కడుక్కుంది. తమ్ముణ్ణి ఎత్తుకుంది. వాడిని తనతో పాటు చర్చికి తీసుకుపోతోంది, అక్కడ తోరణాలు కట్టే పని ఉంది.

గడప దగ్గర ఆగి నాతో చెప్పింది.

"అమ్మీ, చూసినావు గదా. అటక మింద మూకుట్లో ఉండేటియ్యి విషం. వాటి జోలికి పోవద్దు. మీ చిన్నమ్మ ఏట్నించి వస్తూనే చెప్పు. మర్సిపోవద్దు. ఏం చెప్తావు?"

"అటక మిందియ్యి ముట్టుకోవద్దని చెప్తా."

"మా తల్లే" అని పోయింది.

చిన్నమ్మ వచ్చింది. తడిసిన చీర, నెత్తిన బట్టల బరువు, ముఖం పాలిపోయి ఉంది. నేను గడపలో కూర్చుని ఉన్నాను. "పాపా, ఇంగా కోపమేనా?" అని అడిగింది. నేను మూతి తిప్పుకున్నాను. చెప్పాల్సిన మాట నోటి దాకా వచ్చింది. నా మొండితనం అడ్డం పడింది. నేనే ముందు మాట్లాడితే నేను ఓడిపోయినట్టు. రోంత సేపయ్యాక చెప్దాంలే అనుకున్నాను. ఇంతలో చర్చి నుంచి పిలుపు వచ్చింది, నాటకం అప్పజెప్పుకునే వేళైందని. ఆ ఏడు నాకు దేవదూత వేషం. లేచి పరుగెత్తాను.

మర్చిపోయానని అనుకుంటే ఎంత బాగుండును. మర్చిపోలేదు. చర్చి మెట్ల మీద ఒకసారి గుర్తుకొచ్చి ఆగాను కూడా. లోపల అట్టకు వెండి కాగితం అంటించిన రెక్కలు ఎవరికి ముందు కడతారో అని పిల్లలు తోసుకుంటున్నారు. నా రెక్కలు ఇంకొకరు కట్టుకుంటారని లోపలికే పోయాను. అయ్యగారి భార్య మాకు నేర్పేది. "దూత వచ్చేదే మాట చెప్పేటందుకు. నోట్లో నమిలితే యట్ల? వెనకోళ్ళకు గూడా వినపడాల" అని నాతో పదిసార్లు చెప్పించింది. పదిసార్లూ గట్టిగా చెప్పాను.

రెక్కలు విప్పకుండానే ఇంటికి వచ్చాను, చిన్నమ్మకు చూపిద్దామని. కోపం పోయింది. ఇల్లంతా వెతికితే ఆమె దొడ్లో, పశువుల రాతి తొట్టి పక్కన కూర్చుని ఉంది. ముందర కక్కుకుంది. అందులో నువ్వులు.

"పాపా, కడుపులో మండతాంది. నీళ్ళు తే. అవ్వను పిల్చకరా."

నేను రెక్కలతోనే వీధిలో పరుగెత్తాను.

అవ్వ వచ్చింది. ఆమె వెనక తోరణాలు కడుతున్న ఆడవాళ్ళందరూ వచ్చారు. పత్తి చూసుకోవడానికి అటు వచ్చిన పెద్ద రెడ్డిగారి భార్య కూడా వచ్చింది. అవ్వ ముందు లోపలికి పోయి అటక మీద చూసింది. నాలుగింటిలో రెండే మిగిలాయి. బయటికి వచ్చి నా భుజం పట్టుకుంది. ఆమె గోళ్ళు దిగబడ్డాయి.

"చిన్నమ్మకు చెప్పమన్యా గదే. చెప్పినావా?"

ఆమె ముఖం అంత భయంగా నేనెప్పుడూ చూడలేదు.

"చెప్పినా" అన్నాను.

"ఏసయ్య తోడు చెప్పు."

"చెప్పినా అవ్వా. ఏసయ్య తోడు."

అవ్వ నా భుజం వదిలేసింది. ఆమె ముఖంలో భయం పోయి ఇంకేదో వచ్చింది. చిన్నమ్మ దగ్గరికి పోయి మోకాళ్ళ మీద కూర్చుని, "అటక మిందియ్యి తిన్యావా మే?" అని అడిగింది.

చిన్నమ్మ తలెత్తి చూసింది. దొడ్డి నిండా ఆడవాళ్ళు. రెడ్డిగారి భార్య ముక్కుకు కొంగు పెట్టుకుని నిలబడి ఉంది. తిన్నానంటే, కొత్త కోడలు అత్త దాచిన పండుగ కజ్జికాయలు దొంగతనంగా తిన్నదన్న మాట ఆ నిమిషంలోనే ఊరంతా పోతుంది.

"తినలా అత్తా" అంది. "నేనేమీ తినలా."

"తినకుంటే ఆ వాసన యాట్నించి వస్తాంది?" అన్నారు ఎవరో. రెడ్డిగారి భార్య వంగి అడిగింది. "మందు మింగినావా అమ్మాయీ? నిజం చెప్పు. డాక్టరుకు చెప్పాల."

చిన్నమ్మ కళ్ళు మూసుకుంది. ఔనన్నట్టు తల ఆడించింది.

"ఎందుకే తల్లీ? కడుపులో బిడ్డను పెట్టుకొని!"

నేను రెండు అడుగుల దూరంలో ఉన్నాను.

గని నుంచి చిన్నాయన రాళ్ళ ట్రాక్టరుతోనే వచ్చాడు. రాళ్ళు ఆ వీధిలోనే కుమ్మరించి, బొంత పరిచి ఆమెను పడుకోబెట్టి కోయిలకుంట్లకు తీసుకుపోయాడు. అక్కడి నుంచి పెద్దాసుపత్రికి పంపారు. చిన్నమ్మ బతికింది. మూడో రోజు, క్రిస్మస్ ముందు రోజు పొద్దున, బిడ్డ పోయింది. మగబిడ్డ అని చెప్పారు.

క్రిస్మస్ ఆగలేదు. అవ్వ పెట్టెలో మిగిలిన కజ్జికాయలు ముట్టుకోకుండా గొయ్యి తీసి పూడ్పించింది. ఒక్కతే కూర్చుని మళ్ళీ చేసింది. పళ్ళేలు అన్ని ఇళ్ళకూ పోయాయి. ఏ పళ్ళెంలోనూ ఒకటి కూడా తగ్గలేదు. నేను చర్చిలో రెక్కలు కట్టుకుని నిలబడి నా మాట చెప్పాను. వెనకవాళ్ళకు వినపడలేదట. పాపం, ఇంట్లో అట్లా జరిగిందిగదా, పిల్ల బెదిరిపోయింది అనుకున్నారు. దగ్గరికి తీసుకుని ముద్దులు పెట్టారు.

కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక సంఘపెద్దలు మా ఇంట్లో కూర్చున్నారు. ప్రాణం తీసుకోబోవడం పాపమని, బిడ్డ ప్రాణం తీయడం అంతకంటే పాపమని అన్నారు. అప్పుడు అవ్వ చెప్పింది. "ఎలకలకని పెట్టినా. పాపతో చెప్పి పంపించినా, విషముండాదని. తెల్సే తినింది. ఈ ఇంట్లో ఆమెకు ఏం తక్కువ చేసినామో ఆ దేవునికే తెలియాల." అట్లా చెప్పి గోడకు తల కొట్టుకుంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఆమెకు తెలిసింది అదే.

చిన్నాయన ఆ మాట విని లేచి దొడ్లోకి పోయాడు. నేను వెనకాలే పోయాను. ఆ రాతి తొట్టి మీద కూర్చుని ఉన్నాడు. గని పనికి చేతులు పగిలి ఉండేవి. ఆ చేతులు చూసుకుంటూ ఉన్నాడు.

"చిన్నాయనా" అన్నాను.

"ఏం పాపా?"

గొంతులో అంతా సిద్ధంగా ఉంది. ఆయన నన్ను దగ్గరికి లాక్కుని, "నువ్వు చెప్పినావు గదా ఆమెకు, విషమని? ఏమనింది? నా మాటేమన్నా అనిందా?" అని అడిగాడు.

"ఏమీ అనలేదు" అన్నాను.

ఆయన మళ్ళీ బనగానపల్లెకు పోలేదు. చిన్నమ్మ వాళ్ళ నాయన రెండుసార్లు వచ్చి, వీధి అరుగు మీదే కూర్చుని పోయాడు. "నా బిడ్డను సంపుకున్యదాన్ని నేను తెచ్చుకోను" అని చిన్నాయన అన్నాడు. మూడేళ్ళకు ఇంకో పెళ్ళి చేశారు. పిల్లలు పుట్టారు. ఆయన ఎవరితోనూ సరిగ్గా మాట్లాడేవాడు కాదు. గనిలో దుమ్ము తిని, దగ్గుతూ, యాభై నిండకుండానే పోయాడు. అవ్వ అంతకుముందే పోయింది. మంచాన పడ్డాక కూడా, "ఏం తక్కువ చేస్తిమి ఆ పిల్లకు?" అని వచ్చినవాళ్ళనల్లా అడిగేది. ఒకసారి నన్నే అడిగింది. నేను ఆమె కాళ్ళకు నూనె రాస్తున్నాను. రాస్తూనే ఉన్నాను.

చదువుకున్నాను, టీచరునయ్యాను, పెళ్ళయింది, బిడ్డలు పుట్టారు. నా రెండో కాన్పు తర్వాత కొన్నేళ్ళకు బనగానపల్లెలో ఒక పెళ్ళికి పోయాను. చర్చి ఆవరణలో షామియానా కింద భోజనాలు. మొదటి పంక్తి లేచాక, వంటల దిక్కు నుంచి ఒక ఆమె కొంగుతో చెమట తుడుచుకుంటూ వచ్చి నా ముందు నిలబడింది. పొడగరి. జుట్టు నెరిసింది. నవ్వబోతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పాపా! నువ్వేనా పాపా?"

చిన్నమ్మ నన్ను కౌగిలించుకుంది. మసాలా, పొగ వాసన. పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. అన్నగారింట్లో ఉంటూ ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తోంది. "నూరుమంది పిల్లోళ్ళు పాపా. ఒక్కరిని గూడా అరకడుపుతో లేపను" అంది. నా పిల్లల పేర్లు అడిగింది. పెద్దదానికి ఎన్నేళ్ళని అడిగింది. తొమ్మిదన్నాను.

"ఆ పొద్దు నీ ఈడు" అంది. నా చేయి పట్టుకుంది.

"ఆ ఇంట్లో నువ్వొక్కదానివే నాకు తోడుంటివి. మనం తినేది నువ్వు ఎవురికీ చెప్పలా. ఇన్నేండ్లూ నేను అది తల్చుకుంటాండా. అందరూ నన్నొదిలేసినా, ఆ పసిది నన్ను దొంగను చేయలా అని."

నేను ఏడ్చాను. అక్కడితో ఆగి ఉండాల్సింది. నా బరువు దించుకుందామని నోరు తెరిచాను.

"చిన్నమ్మా, వాటిలో మందుండాదని నీకు చెప్పమని అవ్వ నాకు చెప్పింది. నేను నీకు చెప్పలేదు."

ఆమెకు ముందు అర్థం కాలేదు. "ఏమని చెప్పమనింది?" అని అడిగింది. మళ్ళీ చెప్పాను. చెప్పావా అని అవ్వ అడిగితే చెప్పానన్నాను, చిన్నాయన అడిగినా అదే అన్నాను, అని కూడా చెప్పాను.

చిన్నమ్మ నా చేయి వదల్లేదు. పట్టు మాత్రం వదులైంది.

"ఆకలికి తిన్యానని మా నాయనతో చెప్పి పంపిస్తి, నమ్మలా. విషమని తెల్సే తిన్యానని మీ చిన్నాయనతో ఎవురు చెప్పినారో నాకు ఇంతవరకూ తెలీలేదు పాపా" అంది. "మీ అవ్వ అనుకుంటి. ఆయమ్మను రోజూ తిట్టుకుంటి. సచ్చిందని తెల్సినా తిట్టుకుంటి."

మళ్ళీ తనే అడిగింది. "ఎందుకు చెప్పలా?"

అబద్ధం చెప్పడానికి నాకు ఇంక ఏమీ మిగల్లేదు.

"ఆ ముందు రోజు నాకు సగం పెట్టలేదని."

ఆమె నన్ను చూసింది. తొమ్మిదేళ్ళ పిల్ల కోసం వెతుకుతున్నట్టు నా ముఖమంతా చూసింది. ఏడుస్తుందేమో, కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. అంతలో వంటల దిక్కు నుంచి ఎవరో కేకేశారు. "అక్కా, రెండో పంక్తి కూర్చుండాది, అన్నం తీసకరా!"

చిన్నమ్మ లేచింది. నన్నూ ఆ పంక్తిలోనే కూర్చోబెట్టారు. ఆమె అన్నం గంప చంకన పెట్టుకుని, ఆ చివర నుంచి వడ్డించుకుంటూ వచ్చింది. ప్రతి ఒక్కరి దగ్గరా ఆగి, "ఇంగ రోంత? ఇంగ రోంత పెట్టుకో నాయనా" అని కొసరి కొసరి పెడుతోంది. నా ఆకు దగ్గరికి వచ్చింది. అందరికీ పెట్టినట్టే చేతి నిండా రెండుసార్లు తీసి పెట్టింది. నా దిక్కు చూడలేదు. నన్ను ఇంక రోంత అని అడగలేదు. పక్క ఆకుకు పోయింది.